మాదే అంటే ఎవరిది?

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే, చచ్చిపోయినవాళ్ళ తేదీలు వెతకడం అని చెప్పేదాన్ని. పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పాను. ఆయన బెదరకుండా నవ్వాడు కాబట్టి ఒప్పుకున్నాను.

నిజానికి నాది పాటల హక్కుల పని. కోఠీలో ఒక క్యాసెట్ల కంపెనీ ఉండేది. ఒక పాటను క్యాసెట్‌గా వెయ్యాలంటే అది ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, వాళ్ళు ఉన్నారా, పోతే ఎప్పుడు పోయారు, ఆ పాట మీద ఇంకా ఎవరికైనా హక్కు ఉందా అని తేల్చి కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం నేను రాసేదాన్ని. కంపెనీ రెండుసార్లు చేతులు మారింది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవీ పోయాయి. నేను మాత్రం అదే కాగితం రాస్తూ రిటైరయ్యాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చట్టం నాకంటే బాగా చదువుకున్నారు. వాళ్ళకు నేను కొత్తగా చెప్పగలిగింది నా తప్పు ఒక్కటే. దాని దగ్గరికి రావడానికి కొంచెం చుట్టూ తిరిగి వస్తాను. నేరుగా ఆ మాట ఎత్తే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

రాఘవరావు గారి దగ్గర నేర్చుకున్నవి

నా మొదటి బాసు రాఘవరావు గారిది గుంటూరు. పొడుం పీలుస్తూ, తుమ్ముల మధ్య పాఠాలు చెప్పేవారు. ఏ పాట వచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "కవి ఎప్పుడు పోయాడు?" నేను చేరిన రోజుల్లో మన దేశంలో కవి జీవితకాలం, ఆ తర్వాత యాభై ఏళ్ళు హక్కు ఉండేది. తర్వాత దాన్ని అరవై చేశారు. లెక్క మొదలయ్యేది పోయిన రోజు నుంచి కాదు, మరుసటి ఏడాది జనవరి నుంచి. ఏడాది మొదట్లో పోయినా చివర్లో పోయినా చట్టానికి ఒకటే.

ఆయన రెండో పాఠం విని అప్పట్లో నవ్వుకునేదాన్ని. నోటుబుక్కులో ఏదైనా తప్పు రాస్తే మొత్తం గీకి నల్లగా చెయ్యకూడదు. "కొట్టేసిందాన్ని కూడా చదవగలగాలమ్మా. ఒక్క గీత చాలు," అనేవారు. తప్పును ఇంత భద్రంగా దాచుకోవడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

చేరిన కొత్తలో ఒక భజన పాటల కవి తేదీ కోసం మలక్‌పేటలో రేసుకోర్సు వెనకనున్న ఇంటికి పంపారు. మా ఫైల్లో ఆయన పేరు ముందు 'కీర్తిశేషులు' అని ఉంది. మొహం కొంచెం దిగాలుగా పెట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో ఒక ముసలాయన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. పెద్దాయన పోయిన తేదీ కావాలని మెల్లగా అడిగాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, లోపలికి తిరిగి, "ఏమే, నేను ఎప్పుడు పోయిన్నో ఈ బిడ్డకు కావాల్నట. నీకేమన్న యాదికున్నదా?" అన్నాడు. లోపలి నుంచి ఆవిడ తొణక్కుండా, "చాయ్ తాగినంక చెప్తనని చెప్పు," అంది.

ఆ చాయ్ తాగుతూ సిగ్గుతో చచ్చిపోయాను. కాగితాన్ని నమ్మొద్దు, మనిషిని అడుగు అని ఆ రోజు నేర్చుకున్నాననుకున్నాను. సగమే నేర్చుకున్నానని తర్వాత తేలింది. మనిషిని అడిగితే సరిపోదు. ఆ మనిషి చెప్పిన మాట ఏమిటో తెలియాలి.

ఊరికొక వేళ

పాట ఒకటే అయినా దేశానికొక లెక్క. మన దగ్గర కవి పోయాక అరవై ఏళ్ళు. యూరప్ దేశాల్లో డెబ్భై. కానీ మనవాళ్ళ పాట అయితే మన లెక్కా వాళ్ళ లెక్కా పక్కపక్కన పెట్టి, తక్కువున్నదే ఇస్తారు. అమెరికా వాళ్ళు అలా పోల్చి చూడరు, వాళ్ళ డెబ్భై వాళ్ళదే. అదీ కొత్త పాటలకే. వాళ్ళ పాత పాటలైతే అచ్చయిన ఏడాది నుంచి తొంభై అయిదు లెక్కపెట్టాలి. మెక్సికోలో నూరేళ్ళు. పైగా ఒక క్యాసెట్టులో మాటలకు ఒక గడువు, బాణీకి ఒకటి, రికార్డు చేసిన గొంతుకు మరొకటి. ఇక్కడ ఎవరిదీ కాని పాట సముద్రం అవతల ఇంకా ఎవరిదో అయి ఉంటుంది. కొత్తవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. ఇక్కడ గడువు తీరిందని అక్కడికి కూడా సంతకం పెట్టేస్తారు.

ఈ గందరగోళాన్ని నాకంటే బాగా ఒకావిడ చెప్పింది. నా పని ఏమిటో ఆవిడకు అరగంటసేపు వివరిస్తే, చేతిలో గాజు తిప్పుకుంటూ, "సూరజ్ ఒక్కడే గదా బేటీ. ఇఫ్తార్ వేళ మాత్రం ఊరికొకటి. గట్లనేనా?" అంది. అంతే, ఆ తర్వాత నేను ఎవరికి చెప్పినా అదే చెప్పాను.

కవి పేరు తెలియని పాటకు మరో నియమం ఉంది. మన దేశంలో అది బయటికొచ్చిన దగ్గర్నుంచి అరవై ఏళ్ళు లెక్క. ఈలోపు రాసినవాళ్ళెవరో రుజువైతే లెక్క వాళ్ళ చావు తేదీకి మారుతుంది. కానీ 'రచన' అన్నచోట 'జానపదం' అని రాశామంటే ఏ లెక్కా లేదు. ఆ మాట రాసిన రోజే ఆ పాటకు అన్ని దేశాల్లోనూ గడువు తీరిపోతుంది. నేను ఆ మాట ఆవిడ పాటకే రాశాను.

గాజుల గల్లీ

ఆడవాళ్ళ పెళ్ళిపాటల క్యాసెట్ వెయ్యాలని కంపెనీ అనుకుంది. పాతబస్తీలో ఢోలక్ పెట్టుకుని ఆడవాళ్ళు పాడుకునే పాటలు. ఆ గదుల్లోకి మగవాళ్ళకు ప్రవేశం లేదు కాబట్టి నన్ను పంపారు. మా నాన్నది రైల్వే ఉద్యోగం. మలక్‌పేట క్వార్టర్లలో పెరిగినదాన్ని, ఆదివారం చర్చికి పోయేదాన్ని, మిగతా ఆరు రోజులూ గల్లీలో దక్కనీ ఉర్దూ మాట్లాడేదాన్ని. ఆ భాష నాకు అక్కరకొచ్చింది.

చార్మినార్ వెనక ఒక సన్న గల్లీలో ఖైరున్నిసా బేగం ఉండేది. లక్కగాజులకు రాళ్ళు అద్దే పని. లక్క వేడిగా ఉండగానే ఒక్కో రాయీ అద్దాలి, ఆలస్యమైతే పట్టుకోదు. గల్లీ అంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేది, నేనూ అలాగే పిలిచాను. మధ్యాహ్నం పని తెరిపిచ్చాక ఎనిమిది మందో పది మందో చేరేవాళ్ళు. ఒకామె ఢోలక్ వాయిస్తే మరొకామె దాని చెక్క మీద చెంచాతో తాళం వేసేది. నేను తినకుండా వచ్చానని తెలిస్తే ఖాలా పాట చెప్పేది కాదు. ముందు ఖట్టీ దాల్, ఆ పుల్లటి పప్పుతో అన్నం. తర్వాతే పాట.

ఆఫీసు పనికి నేను ఆరుసార్లు వెళ్తే సరిపోయేది. రెండేళ్ళు వెళ్ళాను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అన్నం తిన్నావా అని అడిగే ఇల్లు ఊళ్ళో అదొక్కటే ఉండేది నాకు. ఇవాళ కూడా మధ్యాహ్నం మూడయ్యేసరికి కాళ్ళు ఆ వైపు లాగుతాయి.

ఖాలా పుట్టిల్లు మాదన్నపేట, కూరగాయల మార్కెట్ పక్కన. అందుకే ఆమె నోట తెలుగు, దక్కనీ కలిసిపోయి వచ్చేవి. ఒక పాట అచ్చం అలాగే ఉండేది. పెళ్ళికూతుర్ని సాగనంపే పాట. అది మొదలవగానే గదిలో నవ్వులు ఆగిపోయేవి. దాని చివరి చరణం నా నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను:

గోరింట పండెనె దుల్హన్ బీ, గోడ దాటి పోతివే
నన్నీ చెప్పిన మాటొక్కటీ కొంగున ముడేసుకోవే

పాట అయ్యాక, "ఖాలా, ఇది ఎవరి పాట?" అని అడిగాను. ఆమె గాజు మీద నుంచి తలెత్తలేదు. "మాదే బేటీ," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా నవ్వుతూ, "ఔ, మాదే," అన్నారు.

మాదే. అంటే వీళ్ళందరిదీ, ఈ గల్లీలది, ఈ ఆడవాళ్ళది. ఎంత అందంగా చెప్పింది అనుకున్నాను. ఆఫీసుకు వచ్చి 'రచన: జానపదం' అని రాశాను. ఇంకో ప్రశ్న అడగాలని తోచలేదు. తోచకపోవడం ఏమిటి, పాట దొరికిన సంతోషంలో ఉన్నాను, అంతే.

నయాపుల్ దాటి

రికార్డింగు రోజు ఖాలాను రిక్షాలో కోఠీ తీసుకువెళ్ళాను. నయాపుల్ వంతెన మీదికి రాగానే ఆమె మొహం మీది నఖాబ్ ఎత్తి కింద మూసీ నది వైపు చూసింది. నీళ్ళు పెద్దగా లేవు. "ఈ పాట యాడిదాక పోతది బేటీ?" అని అడిగింది. చాలా దూరం పోతుందని చెప్పాను. ఆ మాట ఒక్కటి నిజమైంది.

స్టూడియోలో ఆమె చివరి చరణం పాడుతుంటే నేను చెయ్యెత్తి ఆపించాను. 'నన్నీ' అన్న మాట నాకు మొదటి నుంచీ ముల్లులా గుచ్చుతోంది. దక్కనీలో అది చిన్నపిల్లను పిలిచే మాట, ఈ చరణంలో ఆ అర్థం కుదరదు. పాడీ పాడీ అరిగిపోయిన మాట అయ్యుంటుందని, అసలు మాట 'అమ్మీ' అని నాకు నేనే తీర్మానించుకున్నాను. కూతురికి బుద్ధి చెప్పేది తల్లే కదా. ఖాలా చూస్తుండగానే ఎర్ర పెన్నుతో నన్నీ కొట్టేసి పైన అమ్మీ అని రాశాను.

ఆమె ఆ ఎర్ర గీతను చూసింది. తర్వాత, "గట్లయితెనే మంచిగుంటదా?" అంది.

"అందరికీ అర్థమవుతుంది ఖాలా," అన్నాను.

"సరే మరి," అని మళ్ళీ పాడింది. అమ్మీ అనే పాడింది. ముందు పాడిన దాని మీదనే ఇది రికార్డు చేశారు. 'గాయని' అన్నచోట సంతకం పెట్టించుకుని, చాయ్ తాగించి ఇంటి దగ్గర దించాను.

తర్వాత నాకు పెళ్ళి, పిల్లలు. ఆఫీసు ఊరి ఆ చివరికి మారింది. గల్లీకి వెళ్ళడం పండక్కి ఒకసారి అయింది, ఆ తర్వాత అదీ లేదు. రిటైరయ్యాక తీరిగ్గా వెళ్దామనుకున్నాను. రిటైర్మెంటుకు కొద్దిగా ముందు అమెరికాలో సినిమా తీసేవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పాటను వాళ్ళ గాయనితో మళ్ళీ పాడించుకుంటారట, హక్కులు ఎవరివి అని అడిగారు. ఫైలు తెరిచాను. నా అక్షరాల్లోనే 'జానపదం' అని ఉంది. మాటకూ బాణీకీ ఏ దేశంలోనూ అభ్యంతరం లేదని సంతకం చేశాను. ఖాలాకు చెప్పాలి, పాట సముద్రం దాటిందని చెప్పాలి అనుకుని పొంగిపోయాను. వెళ్ళలేదు. అప్పటికే ఆమె పోయిందని నాకు తెలియదు.

షాహెదా వచ్చింది

పోయినేడు ఒక మధ్యాహ్నం ఖాలా కూతురు షాహెదా మా ఇంటికి వచ్చింది. నేను ఆ గల్లీకి వెళ్ళే రోజుల్లో పదేళ్ళ పిల్ల, గాజుల డబ్బాల మీద కూర్చుని పాటలు వినేది. నన్ను అప్పట్లాగే ఆపా అని పిలిచింది, అంటే అక్క. కంపెనీలో అడిగి చిరునామా పట్టుకుందట. అమ్మ ఎలా ఉందని అడిగాను. ఆమె నా వైపు చూసి, "మీకు తెల్వదా?" అంది. పోయి పదేళ్ళు దాటిందట.

తర్వాత వచ్చిన పని చెప్పింది. ఆమె కూతురి పెళ్ళికి ముందు మంఝే, అంటే పసుపు వేడుక, చేశారు. అందులో ఆడవాళ్ళంతా ఆ పాట పాడారు. ఆ వీడియో నెట్‌లో పెడితే పాట వినపడకుండా తీసేశారు. ఈ పాట హక్కు ఆ అమెరికా సినిమా ఆల్బమ్ వాళ్ళదని నోటీసు వచ్చింది. ఫోను నా చేతిలో పెట్టింది. ఆడవాళ్ళు నోళ్ళు కదుపుతున్నారు, ఢోలక్ మీద చెయ్యి పడుతోంది, చప్పుడు లేదు.

"మా అమ్మ పాట మాది కాదంట ఆపా," అంది.

నేను నలభై ఏళ్ళ ఉద్యోగపు గొంతుతో, అది జానపదమనీ, ఎవరైనా పాడుకోవచ్చనీ, ఆ నోటీసు తప్పనీ చెప్పడం మొదలుపెట్టాను.

"జానపదం ఏంది?" అని అడ్డుకుంది. "మా అమ్మ కట్టిన పాట అది. మా పెద్దక్కను సాగనంపినప్పుడు కట్టింది."

"నేను అడిగాను షాహెదా. అడిగితే మాదే అంది."

"ఔ. మాదే అనకపోతె ఏమంటది? మా ఇల్లు అంటె బస్తీ అందరిదా? మా ఆయన అంటె అందరికి మొగడా?"

నేనూ పుట్టినప్పటి నుంచి మా ఇల్లు, మా అమ్మ అనే అంటున్నాను. మా ఆయన అంటాను. నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న గదిలో పాట నాది అని ఏ ఖాలా అంటుంది? అంత తెలుగు వచ్చి, అంత దక్కనీ వచ్చి, ఆ ఒక్క మాట నాకు తెలియలేదు.

చివరికి, నన్నీ అంటే ఎవరని అడిగాను. అడగకముందే నాకు భయం వేసింది.

"మా అమ్మనే," అంది షాహెదా. "చిన్నగ ఉండెనని మాదన్నపేటల అందరు నన్నీ అంటుండె. పాటల తన పేరు పెట్టుకున్నది. క్యాసెట్ల మీరు వద్దన్నరంట గదా. ఆపా చదువుకున్నది, ఆమెకు తెలుస్తదని చెప్పింది మాతోని."

ఆమె వెళ్ళాక గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆమె కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది అనిపించింది.

ఒక్క గీత

నా నోటుబుక్కులు నేను పారెయ్యలేదు. ఆ పేజీ దొరికింది. రాఘవరావు గారు నేర్పినట్టే ఒక్క ఎర్ర గీత ఉంది. దాని కింద 'నన్నీ' స్పష్టంగా కనిపిస్తోంది. పాట కట్టిన మనిషి ఎవరో చెప్పే రాతపూర్వక సాక్ష్యం లోకంలో అదొక్కటే మిగిలింది, అదీ నేను కొట్టేసిన మాట. ఆ రోజు గీకి నల్లగా చేసి ఉంటే నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన పొడుం వాసన ఒకసారి పీల్చాలనిపించింది.

నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాను. ప్లీడరు గారు 'పొరపాటున' అని పెడదామన్నాడు. ఒప్పుకోలేదు. ఆమె పాడింది నన్నీ అని, దాన్ని మార్చింది నేనని, జానపదమని రాసింది నేనని, అమెరికాకు సంతకం చేసింది కూడా నేనని వరుసగా రాయించాను. పేజీ కాపీతో కంపెనీకి, సినిమా వాళ్ళకు పంపాను. సినిమా వాళ్ళు తొందరగానే జవాబిచ్చారు, నోటీసు వెనక్కి తీసుకున్నారు. షాహెదా ఫోనులో పాట మళ్ళీ వినపడింది. కంపెనీ కుర్రవాళ్ళు మాత్రం నెలల తరబడి తిప్పించుకున్నారు. వాళ్ళను తిట్టను. నేను ఆ కుర్చీలో ఉన్నా తిప్పించుకునేదాన్నే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పేరు లేని పాట మీ దగ్గరికి వస్తే జానపదమన్న మాట అంత సులువుగా రాయకండి. పాట పాడినామెను అడగండి, ఆమె తలెత్తేదాకా ఆగండి, మళ్ళీ అడగండి. మీకు అర్థం కాని మాట కనిపిస్తే దిద్దకండి. మీకు అర్థం కాకపోవడం ఆ మాట తప్పు కాదు.

పోయిన నెల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. 'రచన: ఖైరున్నిసా బేగం (నన్నీ)' అని మార్చారు. గడువు లెక్కకట్టడానికి రచయిత మరణించిన తేదీ పంపమని అడిగారు.

వందల గుమ్మాల్లో నిలబడి ఆ ప్రశ్న అడిగినదాన్ని, ఆ గల్లీకి మాత్రం ఆ ప్రశ్నను ఉత్తరంలోనే పట్టుకెళ్ళాను. గాజుల దుకాణాలు పెద్దవయ్యాయి, గల్లీ అంతే సన్నగా ఉంది. షాహెదా నన్ను కూర్చోబెట్టి ముందు అన్నం పెట్టింది. ఖట్టీ దాల్. తిన్నాక ఉత్తరం ఆమె చేతికిచ్చాను. చదువుకుని, లోపలికి వెళ్ళి మున్సిపాలిటీ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నేను పెన్ను తియ్యకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"గిప్పుడు ఈ పాట ఇంకెన్నేండ్లు మా అమ్మది ఆపా?" అని అడిగింది.

ఖాలా పోయిన మరుసటి జనవరి నుంచి పదకొండేళ్ళు గడిచాయి. "ఇక్కడ నలభై తొమ్మిది. అమెరికాలో యాభై తొమ్మిది," అన్నాను.

"గక్కడ పదేండ్లు ఎక్కువ ఉంటదా?" షాహెదా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "దవాఖానాకు పోవుడు తప్ప మా అమ్మ మూసీ దాటలే. ఒక్కపారి దాటింది, మీతోని."

అప్పుడు పెన్ను తీసి తేదీ రాసుకున్నాను. ఇన్నేళ్ళలో ఇంతమంది తేదీలు రాసుకున్నాను, ఏడుస్తూ రాసుకున్నది అదొక్కటే.